మిషన్ మందు

భైంసాలో పుట్టి, పద్నాలుగో ఏట జమ్మికుంటకు కోడలుగా వచ్చిన జానకీబాయి వెంట పుట్టింటి నుంచి రెండు విషయాలు వచ్చాయి. ఒకటి పేరు చివరున్న 'బాయి'. రెండోది చేదు మీద ఇష్టం. మొదటిదానికి అత్తగారింటివాళ్లు తొందరగానే అలవాటు పడ్డారు. రెండోదానికి చివరిదాకా పడలేదు.

ఆ ఇష్టం ఎక్కణ్నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. వానాకాలం జ్వరాలకు వాళ్ల నాయనమ్మ నేలవేము కషాయం కాచేది. ఆ వాసన రాగానే ఇంట్లో పిల్లలందరూ గడ్డివాము వెనక, ధాన్యం గుమ్ముల వెనక మాయమయ్యేవాళ్లు. జానకీబాయి మాత్రం వచ్చి నిలబడి, గ్లాసు ఖాళీ చేసి, ఇంకొంచెం పొయ్యమని చాపేది. నాయనమ్మ మొదట మురిసింది, తర్వాత భయపడింది, చివరికి పిల్లను హకీం దగ్గరికి తీసుకుపోయింది. హకీం నాలుక బయట పెట్టించి చూసి, నాలుకకు ఏ రోగమూ లేదన్నాడు. మిగతా పిల్ల సంగతి తాను చెప్పలేనన్నాడు.

అత్తగారిల్లు మొత్తం తీపి ఇల్లు. పప్పులో బెల్లం, చారులో బెల్లం. కాకరకాయను కూడా ఉప్పులో పిసికి, మజ్జిగలో ఉడికించి, బెల్లం పాకంలో ముంచి, అది తాను కాకరకాయనన్న సంగతే మరిచిపోయేలా చేసి వండేవాళ్లు. జానకీబాయి తన కోసం వేరుగా నాలుగు కాయలు గింజలతో సహా సన్నగా తరిగి, ఉప్పూ కారం వేసి కరకరలాడేలా వేయించుకునేది. ఆమె భర్త మంచి మనిషి. భార్యను ఒక్క మాట అని ఎరగడు. కానీ ఆమె కాకరకాయ పెట్టుకుని పక్కన కూర్చుంటే మాత్రం తన పళ్లెం కొంచెం అవతలికి జరుపుకునేవాడు. ఆయన పోయిన తర్వాత కూడా, వేపుడు ముందు పెట్టుకున్నప్పుడల్లా పక్కన పళ్లెం జరిగిన చప్పుడు కోసం ఆమె చెవి ఎదురుచూసేది.

ఇష్టమైనదాన్ని ఒంటరిగా తినడం అలవాటైన మనిషి కాబట్టి ఆమె దాని గురించి ఎవరితోనూ వాదించేది కాదు. కొడుకు శ్యాంసుందర్‌రావుకు పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు ఉంది. కోడలు ప్రమోదిని ఇల్లంతా చూసుకుంటుంది. జానకీబాయికి మిగిలిన పనల్లా వెనక వరండాలో కూర్చుని అన్నీ గమనించడం. ఆమె గమనించినవాటిలో కొడుకు విస్కీ ఒకటి. తల్లికి తెలియకుండా ఇరవై ఏళ్లుగా తాగుతున్నానని శ్యాంసుందర్‌రావు నమ్మకం. తాగిన రోజు నోట్లో యాలకులు వేసుకుని, దూరంగా నిలబడి, మొహం పక్కకు తిప్పి, "అవ్వా, మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయే" అని ఎంతో ప్రేమగా అడిగేవాడు. తాగని రోజు ఆమె మోకాళ్లు అతనికి గుర్తొచ్చేవి కావు. అలా అడిగించుకోవడం జానకీబాయికి బాగానే ఉండేది కాబట్టి తెలిసినట్టు ఎన్నడూ బయటపడలేదు.

పంతొమ్మిదివందల ఎనభై ఏడులో, పత్తి సీజనుకు ముందు, మిల్లుకు ఇంగ్లండు నుంచి కొత్త మిషన్ వచ్చింది. దాన్ని బిగించి నడిపి చూపించడానికి ఒక తెల్లమనిషి కూడా వచ్చాడు. పేరు హార్డింగ్. అరవై దాటినవాడు, బట్టతల, మోచేతుల దాకా నల్లని గ్రీజు, అన్ని వేళలా ఎర్రగా కందిన మొహం. ఆ పేరుకు నోరు తిరగక జానకీబాయి హరిదాసు అని పిలిచింది. రెండు రోజులకల్లా మిల్లులో పనివాళ్లంతా అదే పిలుపు పిలిచారు. అతను కూడా దానికే పలకడం మొదలుపెట్టాడు.

అతన్ని ఇంటి ముందు గదిలో ఉంచారు. తెల్లవాళ్లు కారం తినరని ఎవరో చెప్పడంతో ప్రమోదిని మూడు పూటలా ఉడికించిన ఆలుగడ్డలు, పాలు, రొట్టె పెట్టించింది. హరిదాసు మర్యాదస్తుడు, పెట్టింది తినేవాడు. కానీ రోజురోజుకూ అతని మొహం కూడా ఆలుగడ్డలా చప్పబడుతోందని జానకీబాయి కనిపెట్టింది. ఒక మధ్యాహ్నం చేతులు కడుక్కోవడానికి వెనక వైపు వచ్చిన అతను ఆమె పళ్లెం దగ్గర ఆగాడు. ముక్కు ఎగబీల్చి, వేలు చూపించాడు. ఆమె గుప్పెడు కాకరకాయ వేపుడు అతని చేతిలో పోసింది.

వంటమనిషి చంద్రవ్వ తలుపు చాటు నుంచి చూస్తూ, ఇప్పుడు ఊస్తాడు, ఇప్పుడు ఊస్తాడు అని కాచుకుంది. హరిదాసు నమిలాడు. ఆగాడు. కళ్లు మూసుకుని మళ్లీ నమిలాడు. ఖాళీ చెయ్యి చాపాడు. తన చిన్నప్పటి గ్లాసే తన ముందుకు వచ్చినట్టు జానకీబాయి ఆ చేతిని కాసేపు చూసి, పళ్లెం మొత్తం అతని వైపు జరిపింది. యాభై ఏళ్ల కాపురంలో తన పళ్లెం వైపు ఎవరైనా జరగడం అదే మొదలు.

ఆ సాయంత్రమే హరిదాసు తన పనిముట్ల పెట్టె అడుగు నుంచి, ఉన్ని మేజోళ్లలో చుట్టిన ఆరు సీసాలు బయటికి తీశాడు. అతని చెల్లెలి మొగుడికి వాళ్ల ఊళ్లో చిన్న బీరు బట్టీ ఉందట. మొగుడూ పెళ్లాం, ఇద్దరు పనివాళ్లు, అంతే. వాళ్లు చేతుల్తో చేసే బీరు అది. సీసా మీద చీటీలో 'ఇండియా పేల్ ఏల్' అని ఉంది. పేరులో మన దేశం ఉండేసరికి శ్యాంసుందర్‌రావు పొంగిపోయాడు. నలుగురిని పిలిచి తాగాలనుకున్నాడు. అడ్డం ఒక్కటే, తల్లి.

ఆరు సీసాలు ఫ్రిజ్‌లో పెడుతుంటే జానకీబాయి అవేమిటని అడిగింది. అది మిషన్‌కు పోసే మందని, చల్లగా ఉంచకపోతే పాడవుతుందని, పిల్లలకు అందకుండా చూడాలని కొడుకు ఎంతో వివరంగా చెప్పాడు. ఆమె సరేనంది. మిషన్ మందు పక్కన పెరుగు గిన్నె పెట్టవచ్చా అని మాత్రం అడిగింది.

ఆమె గుడిలో భజనకు పోయే రోజు చూసి ముందు వరండాలో ఏర్పాటు చేశారు. ప్రమోదిని తమ్ముడు కరుణాకర్‌రావు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్తాడు కాబట్టి దుబాసీగా అతను వచ్చాడు. మార్కెట్ యార్డులో పత్తి కమీషన్ ఏజెంటు రాయమల్లు వచ్చాడు. ఎవరైనా చూసినా మజ్జిగ అనుకుంటారని స్టీలు గ్లాసుల్లో పోశారు.

తాగే ముందు హరిదాసు చిన్న ప్రసంగం చేశాడు. పూర్వం ఇంగ్లండు నుంచి ఓడలు ఇండియాకు చేరేసరికి నెలలు పట్టేదట. మామూలు బీరు దారిలోనే పులిసి పాడయ్యేదట. అందుకని ఒక రకం తీగ పూలు దండిగా వేసి, బాగా చేదెక్కించి, పాడుకాకుండా చేసి పంపేవాళ్లట. ఆ రకానికి అప్పటి నుంచి ఇండియా పేరు నిలిచిందట. ఇన్నేళ్లుగా తాగుతున్నా ఇండియావాళ్లు దీన్ని తాగి ఏమంటారో అతను చూడలేదట. అది చూడాలనే ఇంత దూరం మోసుకొచ్చాడట.

ముగ్గురూ ఒక్కసారే గుక్క వేశారు. శ్యాంసుందర్‌రావు కళ్లలో నీళ్లు తిరిగాయి. రాయమల్లు గ్లాసులోకి తొంగి చూశాడు, నిజంగానే మిషన్‌ది పోశారేమోనని. కరుణాకర్‌రావు గొంతులో దిగీ దిగనిదాన్ని పట్టుకుని, బ్రహ్మాండంగా ఉందని ఇంగ్లీషులో అన్నాడు. మిగతా ఇద్దరూ తలలూపారు. హరిదాసు అటు తిరగ్గానే రాయమల్లు రెండు చెంచాల చక్కెర వేసి కలిపాడు. నురగ పొంగి గ్లాసు దాటి ధోవతి మీద పడింది. కరుణాకర్‌రావు తన గ్లాసులో థమ్సప్ పోశాడు. శ్యాంసుందర్‌రావు ముక్కు మూసుకుని, చిన్నప్పుడు ఆముదం తాగిన పద్ధతిలో కానిచ్చాడు. హరిదాసు ఇటు తిరిగి చక్కెర గిన్నె చూశాడు, థమ్సప్ సీసా చూశాడు. అతని భుజాలు కొంచెం కిందికి జారాయి.

అప్పుడే వాన కురిసింది. హార్మోనియం వాయించేవాడు రాలేదని భజన ఆగిపోయింది. జానకీబాయి గొడుగు ముడుస్తూ మెట్లెక్కి వచ్చింది. ముగ్గురు మగవాళ్లు లేచి నిలబడ్డారు, గ్లాసులు ఎక్కడ దాచాలో తెలియక చేతుల్లోనే పట్టుకుని. ఆమె బల్ల మీద సీసా చూసింది, గ్లాసులు చూసింది, కొడుకును చూసింది.

"ఏంది శ్యామూ, గిది మిషన్‌కు పోసే మందంటివి. మీరెప్పుడు మిషన్లయిన్రు బిడ్డా?"

శ్యాంసుందర్‌రావు నోరు తెరిచాడు. అలవాటైన మాట ఒక్కటే వచ్చింది. "అవ్వా, మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయే?"

"నా మోకాళ్ల ముచ్చట ఇరవై ఏండ్ల సంది అడుగుతున్నవు. మంచిగనే ఉన్నయి. కూసో" అని ఆమె తాను కూడా కుర్చీలో కూర్చుంది. వాళ్ల మొహాల్లోని వంకరలు ఆమెకు బాగా తెలిసినవి. నేలవేము వాసనకు గడ్డివాము వెనక్కి పరుగెత్తిన పిల్లల మొహాలు అచ్చం అలాగే ఉండేవి. దాంతో ఆమెకు ఆశ పుట్టింది. అది చేదా అని అడిగింది. విషం లెక్క ఉందని రాయమల్లు నిజం ఒప్పుకున్నాడు.

"అట్లయితే నాకు జర పొయ్యమను" అంది.

లోపలి నుంచి ప్రమోదిని పరుగున వచ్చింది. అది బీరని, పెద్దమనిషి తాగితే నలుగురు ఏమనుకుంటారని అత్తగారి చెవిలో చెప్పింది. తన మేనత్తలు సూర్యుడు రాకముందే చెట్టు కిందికి కల్లు తెప్పించుకుని తాగినవాళ్లేనని, నలుగురు ఏమనుకునేదీ తెలుసుకోవాలంటే ముందు రుచి చూడాలి కదా అని జానకీబాయి పైకే చెప్పింది. హరిదాసు అప్పటికే లోపలికి పోయి పళ్లు తోముకునే గాజు గ్లాసు కడుక్కొచ్చాడు. సీసా వంచి, గ్లాసు గోడ వెంట జారేలా మెల్లగా పోశాడు. వాన వెలుతురులో అది పాత నెయ్యి రంగులో మెరిసింది. పైన రెండు వేళ్ల నురగ.

ఆమె వెంటనే తాగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. మొదట దబ్బకాయ తొక్క గిల్లినప్పటి వాసన. దాని వెనక తడిసిన గడ్డి. ఆ వెనక, చాలా సన్నగా, గుగ్గిలం పొగ. ఒక గుక్క తీసుకుని నాలుక మీద ఆపింది. ముందు దోరగా వేయించిన ధాన్యం తీపి కొంచెం తగిలింది, అత్తగారింటి తీపిలా అంటుకోకుండా పలకరించి పక్కకు తప్పుకుంది. అప్పుడు వచ్చింది చేదు. నాలుక అంచుల నుంచి మొదలై, వెనక్కి పోయి, గొంతు దగ్గర కూర్చుని అక్కడే ఉండిపోయింది. మింగిన తర్వాత కూడా పోలేదు. నోరంతా శుభ్రమై, ఇంకో గుక్క కావాలంది. జానకీబాయి ఇంకో గుక్క తాగింది. ఆమె మొహంలో ఒక్క గీత కూడా కదలలేదు. హరిదాసు కుర్చీ అంచుకు వచ్చి ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

"కరుణాకర్, చెప్పు ఆయనకు. దబ్బతొక్క వాసన ఉన్నది, గుగ్గిలం ఉన్నది. చేదు చివరికి ఉన్నది, మొదలే మీద పడలే. గది మంచి చేదు లక్షణం."

కరుణాకర్‌రావుకు దబ్బకాయకు గానీ గుగ్గిలానికి గానీ ఇంగ్లీషు తెలియదు. కాలేజీ పుస్తకాల్లో అవి రావు. ఒకటి పెద్ద నిమ్మకాయ అని, రెండోది గుడి పొగ అని చెప్పాడు. హరిదాసు తొడ చరుచుకుని లేచాడు. పైన్ చెట్టు బంక వాసన అని తన చెల్లెలు కూడా అంటుందని, కానీ గుడి పొగ అన్నదే సరైన మాటని అన్నాడు. జానకీబాయి లోపలి నుంచి కాకరకాయ వేపుడు తెప్పించింది. ఒక ముక్క, ఒక గుక్క. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే రెండు సీసాలు ముగించారు. ఓడల కథ మళ్లీ చెప్పించుకుని విన్నాక ఆమెకు ఒకే అనుమానం వచ్చింది.

"మా దేశం పేరు పెట్టుకొని, మా దేశానికే పంపిన్రట. మరి మాకు ఒక్క చుక్కన్న ఎందుకు పొయ్యలే?"

కరుణాకర్‌రావు దాన్ని తర్జుమా చేసేందుకు మొహమాటపడ్డాడు. చేశాక హరిదాసు బట్టతల గోక్కున్నాడు. ఆలస్యానికి క్షమించమని ఇంకో సీసా తెరిచి ఆమె గ్లాసులో పోశాడు.

మర్నాటి నుంచి శ్యాంసుందర్‌రావుకు దాచే పని తప్పింది. విస్కీ సీసా బల్ల మీదే పెట్టుకుని, తల్లి ఎదురుగానే గ్లాసు పట్టుకున్నాడు. ఆమె తల ఎత్తకుండా రామకోటి రాసుకుంటూ పోయింది. రెండు గుక్కలకే అతనికి విసుగు పుట్టింది. యాలకులు లేవు, తలుపు చాటు లేదు, అడుగుల చప్పుడు వినే పని లేదు. ఇన్నేళ్లూ తాను తాగిందాంట్లో సగం భయమేనని అతనికి అప్పుడు తెలిసొచ్చింది. ఆ నెలలో ఆ సీసా సగం కూడా తగ్గలేదు. తగ్గనందుకు అతను ప్రమోదిని మీద రుసరుసలాడాడు.

జానకీబాయి కథ వేరుగా ఉంది. మిగిలిన సీసాలు అయిపోతాయి, హరిదాసు వెళ్లిపోతాడు, మళ్లీ ఆ రుచి ఈ జన్మకు దొరకదు. ఆలోచించి ఆలోచించి, తానే చేద్దామనుకుంది. అది ఎలా చేస్తారో కరుణాకర్‌రావు ద్వారా అడిగించింది. బార్లీ మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, ఉడికించి, తీగ పూలు వేసి, పులియబెట్టాలని హరిదాసు బొమ్మలు గీసి చూపించాడు. బార్లీకి బదులు జొన్నలు మొలకెత్తించింది. తీగ పూలకు బదులు ఉగాదికి ఎండబెట్టి దాచిన వేప పువ్వు ఉంది. పులియడానికి చంద్రవ్వ చెంబులో ఈత కల్లు మడ్డి తెచ్చింది. అంతా కలిపి పెద్ద పచ్చడి జాడీలో పోసి, దబ్బతొక్క వేసి, సామాన్ల గదిలో పెట్టారు. గాలి పోకూడదేమోనని జానకీబాయి మూత మీద గుడ్డ కట్టి, తాడు బిగించి, పైన రుబ్బురోలు పొత్రం కూడా ఎక్కించింది. గాలి పోవడానికి దారి ఉంచాలన్న బొమ్మ కూడా హరిదాసు గీశాడు. అది కరుణాకర్‌రావుకు గోచీ కట్టుకున్న మనిషిలా కనిపించి వదిలేశాడు.

ప్రమోదినికి ఇదేదీ తెలియదు. ఒక మిట్టమధ్యాహ్నం ఆమె పెద్దత్త వరస సరళాదేవి హుజూరాబాద్ నుంచి వచ్చింది. ముసలామె తెల్లవాడితో కూర్చుని బీరు తాగిందట కదా, మన ఇండ్లల్లో ఇట్లాంటివి ఉన్నాయా అని నిలదీయడానికే వచ్చింది. అదేం లేదని, అది ఊళ్లోవాళ్లు కల్పించిన మాటని, తన అత్త మడి కట్టుకుంటే తులసి నీళ్లు తప్ప ముట్టదని ప్రమోదిని ఒట్టు పెట్టబోతుండగా సామాన్ల గదిలో ఢామ్మని మోత మోగింది. పొత్రం తలుపు దాకా దొర్లి వచ్చింది. దాని వెనక నురగ గడప దాటింది. ఇల్లంతా కల్లు, వేపపువ్వు కలిసిన వాసన. సరళాదేవి పీట మీదికి ఎక్కి నిలబడింది. జానకీబాయి మాత్రం నురగలోంచి చీర ఎత్తిపట్టుకుని నడిచిపోయి, పగిలిన జాడీ అడుగున ఎంత మిగిలిందో చూసుకుంది.

మూడు గ్లాసులు మిగిలింది. వడగట్టి హరిదాసు కోసం దాచింది. సాయంత్రం మిల్లు నుంచి అందరూ వచ్చారు. కరుణాకర్‌రావు ఒక చుక్క నాలుకకు రాసుకుని, అత్తమ్మ చేతిలో అమృతం ఉందన్నాడు. శ్యాంసుందర్‌రావు ఇంగ్లండుదాని కంటే ఇదే మేలన్నాడు. హరిదాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, గుక్క తీసుకున్నాడు, నాలుక మీద ఆపాడు. అతని మొహం మెల్లగా వంకర తిరిగింది. గ్లాసు కింద పెట్టి, మిల్లులో పనివాళ్ల దగ్గర నేర్చుకున్న నాలుగు తెలుగు మాటల్లో ఒకదాన్ని వెతుక్కుని తీశాడు.

"మంచిగ లేదు" అన్నాడు.

శ్యాంసుందర్‌రావు సర్దిచెప్పడానికి లేవబోయాడు. జానకీబాయి అప్పటికే నవ్వుతోంది, పైట నోటికి అడ్డం పెట్టుకుని, కుర్చీ కదిలేలా.

"ఉన్నమాట చెప్పినోడు గీయన ఒక్కడే. నాకూ మంచిగ అనిపియ్యలే. వేపపువ్వు ఎక్కువ పడ్డది, గదేనా?"

అదేనని, సగం తగ్గించమని, పువ్వు చివర్లో వేయమని, ముఖ్యంగా ఆ రాయి ఎత్తొద్దని హరిదాసు చేతులతో చూపించాడు. ఇద్దరూ చాలాసేపు ఆ పాడు బీరు గురించే మాట్లాడుకున్నారు. మిషన్ నడవడం మొదలయ్యాక అతను వెళ్లిపోయాడు. కాజీపేట స్టేషను దాకా జీపులో దింపడానికి వెళ్తున్న శ్యాంసుందర్‌రావు చేతిలో జానకీబాయి ఒక డబ్బా కాకరకాయ వేపుడు పెట్టి పంపింది.

ఆ తర్వాత ఏటా వానలు పడగానే ఆమె ఒక జాడీ పెట్టేది. ఎనభై ఎనిమిదిలో పులిసి వెనిగరయింది. ఆ మరుసటేడు బూజు పట్టింది. ఇంకోసారి బాగానే వచ్చింది గానీ చంద్రవ్వ పప్పుచారనుకుని పోపు పెట్టింది. ప్రమోదిని ప్రతిసారీ ఇదే చివరిదని, ఇంక జాడీలు కొనేది లేదని కసిరేది. ఆ కసరడంలోనే ఎండబెట్టిన జొన్నలు తిరగేసేది, వేపపువ్వు కొలిచి ఇచ్చేది, కొలత తప్పయితే అత్తగారిని సరిచేసేది.

తొంభై ఒకటి వానాకాలంలో జాడీ మూత తీసినప్పుడు జానకీబాయి వంగి వాసన చూసింది. దబ్బతొక్క ఉంది. గుగ్గిలం లేదు, దాని జాగాలో ఏదో వాన మట్టి వాసన ఉంది. రెండు గాజు గ్లాసుల్లో పోసింది. రెండోది ఎవరి కోసం పోసిందో తనకే స్పష్టంగా తెలియదు. ప్రమోదిని చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, అలవాటుగా మొహం ముడుచుకుని, ఎంత పాడుగా వచ్చిందో చూద్దామని ఒక గుక్క తీసుకుంది.

ముడుచుకున్న మొహం అలాగే కాసేపు ఉంది. తర్వాత ఆమె గ్లాసు వైపు అనుమానంగా చూసింది. ఇంకో గుక్క తాగింది.

"చేదున్నది అత్తమ్మా" అంది.

"ఉంటది."

ప్రమోదిని వరండా మెట్టు మీద అత్తగారి పక్కన కూర్చుంది. కాకరకాయ వేపుడు పళ్లెం వాళ్ల మధ్యలో ఉంది. లోపల చంద్రవ్వ రాత్రి కూర ఏం చేయాలని రెండుసార్లు కేకేసింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.